మామకు మాటలు కనబడ్డ రోజు

ఆ కళ్లద్దాలు బాపు ముఖం మీద ఉన్నంతసేపు సాంచాల మాట ఎవరూ ఎత్తొద్దని సాగర్ వంటింట్లో నిలబడి గట్టిగా చెప్పాడు.

మమతారాణి రొట్టె చరుస్తున్న చెయ్యి ఆపి మొగుడి వైపు చూసింది. పొయ్యి పక్కన పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్త సక్కుబాయి మాత్రం తలెత్తలేదు.

"దీపికకు సుత ఏం తెల్వద్దు. రేపు పొద్దుగాల కొన్నోళ్లొచ్చి సాంచాలు తీస్కపోయినంక నేనే చెప్పుకుంట బాపుకు," అన్నాడు సాగర్.

"తీస్కపోయినంక చెప్పుడేంది?" అంది మమత.

అతను అప్పటికే వెనక్కి తిరిగి గుమ్మం దాటుతున్నాడు.

మమతకు ఒళ్లు మండేది సరిగ్గా ఇక్కడే. బతుకమ్మ పండుగప్పటి నుంచీ ఇదే వరుస. ఆమె మాట్లాడుతూనే ఉంటుంది, అతను వీపు చూపించి వెళ్లిపోతూనే ఉంటాడు. అరిచి అడిగితే, "ఎందుకు ఒర్రుతున్నవు?" అని ఎదురు కోపం.

సాంచాలంటే మరమగ్గాలు. సిరిసిల్లలో అందరూ అలాగే అంటారు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్న నాలుగూ మామ లింగమూర్తి వయసులో ఉన్నప్పుడు ఒక్కొక్కటిగా పెట్టుకున్నవి. వాటి మోతలోనే ఆయన చెవులు పోయాయి. మొదట పక్కవాళ్ల మాటలు దూరమయ్యాయి, తర్వాత టీవీ, ఆ తర్వాత సాంచాల మోత కూడా. కరీంనగర్‌లో పెద్ద డాక్టరు చూసి నరం చచ్చిపోయిందన్నాడు. చెవి మిషన్ పెట్టుకుంటే అందులో గోల తప్ప మాట రావడం లేదని, నెల తిరక్కుండానే తీసి అల్మారాలో పడేశాడు మామ.

ఒకప్పుడు కార్మికుల సంఘంలో ఆయన లేచి నిలబడితే నూలిచ్చే సేట్లు కుర్చీల్లో సర్దుకుని కూర్చునేవారట. అలాంటి మనిషి మీటింగులకు పోవడం మానేశాడు. పెళ్లికి పోతే నాలుగు మెతుకులు తిని, ఎవరినీ పలకరించకుండా చెప్పులు వెతుక్కుని వచ్చేసేవాడు.

ఆ సాంచాలు అమ్మాలన్న మాట ఇంట్లో రేగి నెల దాటింది. దాచుకుని మాట్లాడుకున్నదేమీ లేదు. నట్టింట్లో, పట్టపగలు, గొంతులు చించుకుని కొట్లాడుకున్నారు. మామ వాళ్ల మధ్యలోనే కూర్చుని రొట్టె తినేవాడు. ఒక్కోసారి అందరి ముఖాలూ చూసి, ఏమీ అర్థంకాక, పెరుగు కావాలని గిన్నె చూపించేవాడు.

అది తలుచుకుని మమత చరిచిన రొట్టెను మళ్లీ ముద్ద చేసి మొదటి నుంచి చరచసాగింది.

"అవ్వా, వదినా, ఇటు రాండ్రి," అని నట్టింట్లోంచి ఆడబిడ్డ దీపిక పిలిచింది.

దీపిక కరీంనగర్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తుంది. ఎదుటి మనిషి మాట్లాడింది అప్పటికప్పుడు అక్షరాలై అద్దంలో కనబడేలా చేసే పని వాళ్లది. టీవీలో వార్తలు చదివేవాళ్ల తెలుగును ఆ అద్దాలు బాగానే పట్టుకుంటున్నాయి. ఇక్కడి మాటే ఇంకా వంటబట్టలేదు. ఇక్కడి మాట మాట్లాడే ఇల్లు, చెవులు వినబడని మనిషి దొరికితే కొన్నాళ్లు వాడి చూస్తామని పైవాళ్లంటే, మా బాపు ఉన్నాడని ఆమె చెయ్యెత్తింది. పొద్దున్నే మొదటి బస్సుకు వాటిని ఒళ్లో పెట్టుకుని వచ్చింది.

చూడ్డానికి మామూలు చత్వారపు అద్దాల్లాగే ఉన్నాయి. చెవుల మీద పెట్టుకునే కాడలే కాస్త లావు.

దీపిక వాటిని తండ్రికి పెట్టి, ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "బాపూ, నేను దీపికను. కనబడుతుందా?"

లింగమూర్తి ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. తర్వాత మెల్లగా చెయ్యి చాపి కూతురి గడ్డం కింద గాలిని తడిమాడు. అక్కడ ఎవరికీ ఏమీ కనబడలేదు. ఆయనకు మాత్రం ఆకుపచ్చగా, టీవీ కింద పరుగెత్తే వార్తల్లా, అక్షరాలు కనబడుతున్నాయి. వేలు జరుపుకుంటూ పేపరు చదివినట్టు పైకి చదివాడు.

"బాపూ. నేను. దీపికను."

చదివి ఆగాడు. కూతురి ముఖంలోకి చూశాడు. "గిది నువ్వన్నదేనా?"

"నేనన్నదే బాపూ."

అది కూడా వచ్చింది. అది కూడా చదివాడు. తొడ మీద ఫట్టున చరుచుకుని, "మీ అవ్వను మాట్లాడుమను," అన్నాడు. వినబడనివాళ్ల గొంతు ఆయనది. మామూలుగా అన్నా వీధిలోకి వినబడుతుంది.

సక్కుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏళ్ల తరబడి ఆమె ఆయనతో చేతులతోనే కాపురం చేసింది. కంచం చూపిస్తే అన్నం, చెయ్యి ఊపితే పడుకో, కళ్లెర్రజేస్తే చాలించు. అంతకు మించి చెప్పాల్సినవి ఆమె చెప్పడం మానుకుంది, ఆయన అడగడం మానుకున్నాడు. కూతురూ కోడలూ చెరో వైపు నుంచి మోచేత్తో పొడిస్తే, ఆమె కొత్త పెళ్లికూతురిలా మెలికలు తిరిగి, చివరికి కొంగు తీసింది.

"చాయ్ తాగుతవా?"

లింగమూర్తి చదివాడు. నవ్వుతాడేమో అనుకుంది మమత. నవ్వలేదు. అద్దాల కింది నుంచి నీళ్లు జారి తెల్లటి మీసంలోకి దిగాయి.

"మల్లొకపారి అను," అన్నాడు.

"చాయ్ తాగుతవా అంటున్న."

"ఎంత పోస్తే అంత తాగుత."

దీపిక చప్పట్లు కొట్టింది. మమత ఏడుస్తూ నవ్వుతూ వంటింట్లోకి ఉరికి, పాలకు బదులు మజ్జిగ గిన్నె పొయ్యి మీద పెట్టి, నాలుక కరుచుకుని దించింది.

ఆ పూటంతా ఇల్లు ఇల్లులా లేదు. చాయ్ తెచ్చిన సక్కుబాయి జర పక్కకు జరుగుమంటే ఆయన గాభరాగా ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి, జ్వరం ఎప్పటిసంది ఉందని అడిగాడు. అద్దాలు 'జర'ను 'జ్వరం' చేశాయి. దీపిక కడుపు పట్టుకుని నవ్వుతూనే ఆ తప్పును ఫోన్లో రాసుకుంది. దాన్ని నేర్పిస్తే ఇంకోసారి చేయదట. అయితే నేను నేర్పుత, అని మామ ఒక్కో మాటా పైకి పలకడం మొదలుపెట్టాడు. గీడ, గాడ, ఎన్కకు, ముందటికి, ఎక్కాల బడిలో పంతుల్లాగా. ఒక్కోటీ సరిగ్గా పడ్డప్పుడల్లా, "పట్టింది," అని గర్వంగా అందరి వైపు చూసేవాడు.

అంతలో ఆయన చటుక్కున లేచి వాకిట్లోకి నడిచాడు. ఎవరూ పిలవలేదు. ఏమైందోనని మమత వెంట ఉరికింది. వీధి మలుపు అవతల, ఇంకా కనబడని ఆటో మైకులోంచి ఉల్లిగడ్డలు, ఉల్లిగడ్డలు అని వస్తోంది.

కనబడని మనిషి మాట ఆయనకు ముందే కనబడింది.

ఆటో వచ్చేదాకా మామ గేటు దగ్గర అలాగే నిలబడ్డాడు. వచ్చాక తనే బేరమాడాడు. ఆటోవాడు ఏదో గొణిగితే, గొణిగింది కూడా చదివి, నా ఎనక అనుడు కాదు, ముందట అనుమన్నాడు. ఆటోవాడు బిత్తరపోయి రెండు గడ్డలు ఎక్కువ వేశాడు. ఉల్లిగడ్డల సంచి భుజాన వేసుకుని లోపలికొస్తున్న మామ నడకే వేరుగా ఉంది. వచ్చే మీటింగుకు తను పోతానని, అక్కడ ఎవడేం మాట్లాడుతాడో తన కళ్లతో చదువుతానని దీపికతో అంటుంటే మమతకు గుండె పొంగిపోయింది.

ఈ సంగతి సాగర్‌కు చెప్పాలి. కోపాలు తర్వాత. ఆమె చెంగు దోపుకుని షెడ్డుకు పరుగెత్తింది.

షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. పడుగు చుట్టిన ఆఖరి బీములో నూలు అయిపోయి, సాంచాలు ఆగిపోయి రెండు రోజులు. సాగర్ వాకిలికి వీపు పెట్టి కూర్చుని పానాతో బోల్టులు విప్పుతున్నాడు.

"ఇగో విన్నవా, మామ ఉల్లిగడ్డలు కొన్నడు. బేరం చేసిండు. ఆటో కనబడకముందే మైకుల మాట చదివిండు," అంటూ గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పింది. జ్వరం సంగతి, చాయ్ సంగతి, అత్త సిగ్గుపడ్డ సంగతి.

పానా తిరుగుతూనే ఉంది.

"గీ సంతోషంల ఉన్నప్పుడే సాంచాల సంగతి చెప్పు. చదివి అర్థం చేసుకుంటడు. నువ్వు చెప్పకుంటే నేను చెప్త."

అతను తల తిప్పలేదు. బోల్టు ఊడి డబ్బాలో పడింది. ఇంకోదానికి పానా పెట్టాడు.

మోత ఉంటే, మోతలో వినబడలేదనుకోవచ్చు. ఇప్పుడు షెడ్డులో ఆ పానా తప్ప చప్పుడే లేదు. మమత ఉత్సాహమంతా నీరుగారిపోయింది. ఆ స్థానంలో పాత మంట లేచింది. ఖానాపూర్‌లో ఉన్న అన్న కరుణాకర్‌కు నిన్ననే ఆమె ఫోన్ చేసింది. రేపొచ్చి తీసుకుపొమ్మంది. మాట్లాడని మనిషితో ఎంతకాలమని వేగేది? ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. పొద్దుట్నుంచి ఈ సంబరంలో పడి వద్దని చెప్పేద్దామా అనుకుంది కూడా.

వద్దని చెప్పే పనేమీ లేదని ఇప్పుడు తేలిపోయింది.

మధ్యాహ్నం అందరూ కలిసి తినడానికి కూర్చున్నారు. మామ అద్దాలు తుడుచుకుని, పెట్టుకుని, మధ్యలో పెద్ద పీట మీద కుదురుగా కూర్చున్నాడు. ఇంట్లోవాళ్ల మాటలు ఇప్పుడు చదవబోతున్నానన్న ఆశ ఆయన ముఖంలో తెలుస్తూనే ఉంది.

సక్కుబాయి రొట్టె వేసింది. ఎవరూ మాట్లాడలేదు. ఇంటివాళ్ల మాటలు అద్దాల్లో ఎలా పడతాయో చూద్దామని దీపిక కూడా ఊరికే కూర్చుంది.

మమత కూర వేసింది. మామూలుగా ఈ వేళకు ఈ ఇల్లు సంతలా ఉంటుంది. ఇవాళ పొద్దున్నే సాగర్ పెట్టిన ఆజ్ఞ మిగతావాళ్ల నోళ్ల మీద కూర్చుంది. ఏ మాట ఎత్తినా తిరిగి తిరిగి సాంచాల దగ్గరికే పోతుందని భయం. రేపు పనేంది అని అడగలేరు, షెడ్డు అనలేరు, నూలు అనలేరు. ఆ ఇంట్లో నూలు లేకుండా మాటే లేదు.

మామ కొడుకు ముఖం చూశాడు. భార్య ముఖం చూశాడు. కోడలి ముఖం చూశాడు. ఎక్కడా ఒక్క అక్షరం లేదు. అద్దాలు తీసి పంచెతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఖరాబైనయా బిడ్డా?" అని దీపికను అడిగాడు.

దీపిక కంచం పక్కన పెట్టి ఫోన్ చూసింది. కాడ మీద వేలితో తట్టింది. తర్వాత, పాపం ఆమెకేమీ తెలియదు, ఉన్నమాట చెప్పింది.

"మంచిగనే ఉన్నయి బాపూ. ఎవరు మాట్లాడుతలేరు."

ఆయన అది చదవడం మమత చూసింది. చదివాక చేతిలోని రొట్టె ముక్క కంచంలో పెట్టడం కూడా చూసింది. ఇక ఆమె వల్ల కాలేదు.

"మామా," అంది. "సాంచాలు అమ్ముతున్నరు. రేపు పొద్దుగాల లారీ వస్తది."

సాగర్ చేతిలో నీళ్ల చెంబు ఆగిపోయింది. ఆమె అతనికి ఎదురుగానే కూర్చుని ఉంది. పెదవులు కదిలినప్పుడు చూశాడు.

లింగమూర్తి గాలిలో వేలు జరుపుకుంటూ ఆ వాక్యం చివరిదాకా చదివాడు. "గీ ముచ్చట ఎప్పుడనుకున్నరు?"

"నెల దాటింది."

"ఏడ మాట్లాడుకున్నరు?"

"ఈడ్నే."

"నేనేడున్న?"

మమత ఆయన కూర్చున్న పీట వైపు చూసింది. "ఈడ్నే ఉన్నవు మామా. రొట్టె తింటున్నవు."

దీపిక తల్లి వైపు, అన్న వైపు మార్చి మార్చి చూసింది. సాగర్ లేచి నిలబడి, మమతను నోరు మూసుకొమ్మన్నాడు. ఇంటిపెద్దకు చెప్పేది ఎట్లా చెప్పాలో తనకు తెలుసన్నాడు. అలా అంటూనే అలవాటు కొద్దీ తండ్రికి చేతులతో సైగలు చేయబోయాడు. లింగమూర్తి ఆ చేతులను గాలిలోనే పట్టుకుని కిందికి దించాడు.

"చేతులతోని కాదు. నోటితోని చెప్పు. ఇయ్యాల నాకు కనబడుతది."

సాగర్ తలుపు దాటి వాకిట్లోకి వెళ్లిపోయాడు.

పెద్దాయన అరుస్తాడని మమత అనుకుంది. కంచం విసిరికొడతాడనీ అనుకుంది. ఆయన దీపిక వైపు తిరిగి, ఈ అద్దాలు తన దగ్గర ఎన్నాళ్లుంటాయని అడిగాడు. ఎల్లుండి తిరిగి ఇచ్చెయ్యాలని, అవి తయారై బజారుకొచ్చేసరికి ఇంకా టైము పడుతుందని దీపిక నసిగింది.

"అయితే ఇంకేమన్న ఉంటే ఇప్పుడే చెప్పుండ్రి," అన్నాడు లింగమూర్తి. "నా ముందట కూసోని మీరు చెప్పుకున్నయన్నీ చెప్పుండ్రి. నేను చదువుకుంట."

అంతసేపూ గోడకు ఆనుకుని కూర్చున్న సక్కుబాయి లేచింది. పీట జరుపుకుని భర్తకు మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది. "మీరిద్దరు బయటికి పోండ్రి," అంది కూతురితో, కోడలితో. "తలుపు దగ్గరికి వెయ్యిండ్రి."

వాకిట్లో ఎండ చురుక్కుమంటోంది. సాగర్ గేటు దగ్గర బండి మీద చెయ్యి వేసి, వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. మమత, దీపిక తలుపు ఇవతల నిలబడ్డారు. లోపల సక్కుబాయి మాట్లాడుతున్నది ఒక్కటీ బయటికి రావడం లేదు. మామ గొంతు మాత్రం తలుపును లెక్కచేయలేదు.

"నువ్వా? అమ్ముమన్నది నువ్వా?"

మమత, దీపిక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్లూ ఇంట్లో కొట్లాటంతా సాగర్ మీదే నడిచింది. అమ్మి తీరుతానని మొండికేసింది అతనే. అత్త ఎన్నడూ నోరు విప్పలేదు.

"ఎందుకే? ఏం పోయేకాలం వచ్చింది?"

దీపిక తలుపుకు చెవి ఆనించింది. ఆ తర్వాత వచ్చిన గొంతు మామదేనా అనిపించేంత వణికింది.

"ఎవనికి? మన సాగర్‌కా?"

దీపిక వదిన చెయ్యి పట్టుకుంది.

"ఎప్పటిసంది... దవాఖానల చూపెట్టిండా... నా చెవుల తీర్గనే పోతున్నయన్నరా?"

మమత తలుపు దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. తర్వాత ఒక్కొక్కటే వచ్చి మీద పడ్డాయి. ఆమె మాట్లాడుతుండగానే గుమ్మం దాటిపోవడం. అరిస్తే ఉలిక్కిపడడం. ఎదురుగా కూర్చుంటే కళ్లలోకి చూడకుండా పెదవులకేసే చూడడం. ఆ షెడ్డులో పానా ఆగకుండా తిరగడం.

ఆమె గేటు వైపు తిరిగింది. లోపల తన పేరెత్తి తండ్రి అంతలా అరిచాడు. సాగర్ వెనక్కి తిరిగి చూడలేదు.

"ఇగో," అని పిలిచింది మమత. గోడ పక్కన గింజలేరుకుంటున్న కోడి తలెత్తింది. సాగర్ తలెత్తలేదు.

మనిషి తనతో మాట్లాడడం మానేశాడని ఆమె ఇన్ని నెలలు కుమిలిపోయింది. అతనికి తన మాటే చేరలేదు. సంతోషపడాలో, గుండె బాదుకోవాలో ఆమెకు అర్థం కాలేదు.

తలుపు తెరుచుకుంది. లింగమూర్తి ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగి, వాకిలి దాటి, కొడుకు భుజం పట్టి తన వైపు తిప్పుకున్నాడు. అద్దాలు తన ముఖం మీంచి తీశాడు. పంచె కొంగుతో తుడిచాడు. పసిపిల్లవాడికి పెట్టినంత జాగ్రత్తగా, కాడలు చెవుల మీద సరిచూసి, కొడుక్కు పెట్టాడు.

సాగర్ బెదిరిపోయి వాటిని తీసెయ్యబోయాడు. తండ్రి అతని రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ తల్లిని చూశాక సాగర్‌కు సంగతి తెలిసిపోయింది. పెనుగులాట ఆపేశాడు.

"మాట్లాడు బిడ్డా," అన్నాడు లింగమూర్తి కోడలితో. "ఏమున్నా చెప్పు. ఇప్పుడు ఎటు పోతడో చూస్త."

మమత వచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది. తిట్టాల్సినవి, అడగాల్సినవి, పండుగ నుంచి చెప్పబోయి మింగినవి, ఉల్లిగడ్డల సంగతితో సహా అన్నీ ఒక్కసారే నోటికొచ్చాయి. ఏది ముందు చెప్పాలో తేల్చుకోకముందే, అన్నిటి కంటే అడుగున ఉన్నదే బయటికి వచ్చేసింది.

"నీకు నేనక్కరలేదనుకున్న," అంది. "రేపు మా అన్న వస్తుండు. నన్ను ఖానాపూర్ తీస్కపోను."

దీపిక "వదినా" అంది. సక్కుబాయి గుమ్మంలోనే కూలబడింది. అద్దాలు లేని లింగమూర్తికి ఏమీ తెలియలేదు. కొడుకు ముఖం చూస్తూ, అక్షరాలు పడ్డాయా లేదా అన్నట్టు ఆత్రంగా తలూపుతున్నాడు.

సాగర్ పెదవులు ఒక్కో మాట వెంటా మెల్లగా కదిలాయి. చివరి మాట దగ్గర ఆగాయి. మళ్లీ మొదటి నుంచి కదిలాయి. అప్పుడతను తండ్రి చేతుల్లోంచి తన చేతులు విడిపించుకుని, మమత వైపు ఒక అడుగు వేశాడు.